వదిలేసినట్టు రుజువు

ఒక్క దెబ్బ కొట్టి ఉంటే సరిపోయేది, అదీ ఎవరో ఒకరు చూస్తుండగా, అని నాలో నేను అనుకుంటూ ఉండగానే ఎదురుగా కూర్చున్నావిడ ఆ ప్రశ్న రెండోసారి అడిగింది. మీ నాన్న ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నాడా. లేదన్నాను. తాగి వచ్చి గొడవ చేస్తాడా. కాఫీ తప్ప ఏమీ తాగడు. ఇంట్లోంచి పొమ్మన్నాడా. లేదు, నేనే వచ్చేశాను. నా ఒక్కో జవాబుకి ఆవిడ మొహం కొంచెం కొంచెంగా వాడిపోయింది. ఇంత మామూలు తండ్రి దొరికినందుకు ఆవిడ నా మీద నిజంగా జాలిపడుతోంది. ఆ జాలి చూసి నాకు ఒళ్ళు మండింది. అసలు ఆ వేసవి మొదలయ్యేసరికి నాకు ఒళ్ళు మండించని మనిషి మిన్నెసోటా రాష్ట్రంలో ఒక్కరూ మిగల్లేదు.

ఆవిడ పేరు డెనీస్ క్యూబియాక్. కాలేజీలో ఆర్థిక సహాయం ఆఫీసులో మూడో బల్ల ఆవిడది. బల్ల మీద గాజు గిన్నెలో పిప్పరమెంట్లు పెట్టుకుంది, ఏడ్చేవాళ్ళ కోసం కాబోలు. గిన్నె నా వైపు జరిపి, నియమం మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. ఇరవై నాలుగేళ్ళు నిండేదాకా నేను తండ్రి మీద ఆధారపడ్డదాన్నే. నిజంగా ఆధారపడ్డానా లేదా అని ఎవరూ చూడరు, లెక్క అంతే. నాకెంత సాయం చెయ్యాలో ఆయన సంపాదన చూసి తేలుస్తారు కాబట్టి ఆయన ఆ సంపాదన రాసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే నా కాగితం కదలదు, కాగితం కదలకపోతే ఆగస్టు చివర నా సీటు ఇంకొకరికి పోతుంది. నేను ఎవరి మీదా ఆధారపడని విద్యార్థినని ఒప్పించడానికి దారులు కొన్నే ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరూ పోయి ఉండాలి. లేదా నాకు పెళ్ళయి ఉండాలి. సైన్యంలో పనిచేసి వచ్చినా సరే. ఇవేవీ కాకపోతే తండ్రి నన్ను వదిలేశాడనో, ఆయన దగ్గర ఉండడం ప్రమాదమనో రుజువు చూపించాలి. మా అమ్మ నా తొమ్మిదో ఏట పోయింది. అంటే సగం అర్హత అప్పుడే సంపాదించానన్నమాట.

"సంతకం పెట్టనన్నాడు. అది చాలదా?" అని అడిగాను.

"చాలదమ్మా మారిట్. చాలామంది తండ్రులు పెట్టరు. అది అసాధారణ పరిస్థితి కాదని రూల్లోనే రాసుంది."

"మరి ఏది అసాధారణం?"

ఆవిడ గొంతు తగ్గించింది. "నువ్వింకా నాకు చెప్పనిది ఏదన్నా ఉంటే, అది."

ఎనభై మైళ్ళు వెనక్కి కారు నడుపుతూ చెప్పనిది ఏదన్నా ఉందా అని బాల్యమంతా వెతికాను. ఏమీ దొరకలేదు. నా తండ్రి చెడ్డవాడిగా కూడా పనికిరాడని ఆ రోజు తెలిసింది.

ఆయన పేరు ఆర్లెన్ సుండ్‌బీ. ఊరి చివర రేకుల షెడ్డులో పడవ మోటార్లు, గడ్డి కోసే యంత్రాలు, చలికాలంలో మంచు బళ్ళు బాగుచేస్తాడు. సరస్సు మీద మంచు ఇంకా పూర్తిగా విడవని ఒక ఏప్రిల్ సాయంత్రం, ఆ కాగితం ఆయన కంచం పక్కన పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. దాని చుట్టూ చెయ్యి తిప్పి ఉప్పు డబ్బా అందుకున్నాడు. తినడం అయ్యాక గొంతు సవరించుకుని, "నా సంపాదన సంగతి పన్నులాఫీసుకి చెప్పాను. దేవుడికి ఎలాగూ తెలుసు. మూడోవాడికి చెప్పను" అన్నాడు.

మూడోవాడు ఎవడో కాదు కాలేజీ అన్నాను. ఆ ఆఫీసులో మన ఊరి పిల్లలు పార్ట్‌టైమ్ గుమస్తా పని చేస్తారని ఆయన అన్నాడు. వాళ్ళకి నీ అంకెలు చదువుకునే తీరిక లేదన్నాను. అలాంటివి చదవడానికి అందరికీ తీరిక దొరుకుతుందన్నాడు. అప్పుడు నేను నవ్వాను. ఆయన దగ్గర మాత్రమే నవ్వే నవ్వు ఒకటి నాకుండేది, ముక్కులోంచి వచ్చేది. పదిహేనో ఏట అలవాటైంది. చొక్కా మీద గ్రీజు మరకలకి, మాట్లాడబోయే ముందు చేసే ఆ గొంతు చప్పుడుకి, ఉత్తరాన్ని చేతి దూరాన పట్టుకుని చదవడానికి, మా టీచరు దగ్గర టోపీ తీసి రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డానికి, అన్నిటికీ ఆ ఒక్క నవ్వే సరిపోయేది. అది విన్నప్పుడల్లా ఆయన లేచి ఏదో ఒక పని వెతుక్కునేవాడు. ఆ రోజు కంచం కడిగాడు.

మర్నాడు నేను మా లోయిస్ అత్త ఇంటికి మారిపోయాను. నా పెట్టెలు కారులో ఆయనే పెట్టాడు. ఉండమని అనలేదు. వెనక ఎడమ టైరులో గాలి చాల్లేదు, చూసుకో అన్నాడు.

లోయిస్ అత్త నాన్నకి అక్క. ముప్ఫై ఏళ్ళు బడి వంటింట్లో పనిచేసి పెన్షను మీద ఉంటోంది. ఆమె ఇంటినుంచి రెండు వీధుల అవతలే నేను బిల్లు కొట్టే సరుకుల దుకాణం. క్యూబియాక్ నాకు చెప్పిన పని ఇది: నా పరిస్థితిని నా మాటల్లో రాసివ్వాలి, నన్నెరిగిన ఇద్దరు పెద్దమనుషుల దగ్గర దాన్ని బలపరిచే ఉత్తరాలు తేవాలి. పెద్దమనుషులు అంటే ఎవరని అడిగితే ఒక పాస్టరు, ఒక బంధువు అయితే ఇలాంటి కేసులు తేల్చే కమిటీకి నచ్చుతుందంది.

అత్త వంటింటి బల్ల మీద మే నెలంతా రాశాను. మొదటిసారి రాసింది ఫిర్యాదులా ఉంది, చించేశాను. రెండోది ఏడుపులా ఉంది. మూడోసారి కిటుకు అందింది. అబద్ధం ఒక్కటి కూడా అక్కర్లేదు, నిజాల్లోంచి ఏరుకుంటే చాలు. అమ్మ పోయిన చలికాలం మొత్తం ఆయన భోజనాల దగ్గర ఒక్క మాట మాట్లాడలేదు: నిజం. నా పన్నెండో పుట్టినరోజున షెడ్డులోంచి బయటికి రాలేదు: నిజం. ఆ రోజు రిపేరుకొచ్చిన మోటారు ఎవరిదో, అది అదే రోజు ఎందుకు కావాలో రాయలేదు. కాలేజీవాళ్ళు నాకు పంపిన మొదటి ఉత్తరం పొయ్యిలో పడింది: నిజం. ఆయన దాన్ని చెత్తకాగితాల కట్టతో కలిపి చూసుకోకుండా వేశాడని, తర్వాత బూడిదలో చెయ్యి పెట్టి వెతికాడని రాయాల్సిన అవసరం ఏముంది. వాక్యాలు ఒకదాని వెనక ఒకటి చక్కగా వచ్చి కూర్చున్నాయి. పూర్తయ్యాక చదువుకుంటే, ఆ కాగితంలో ఉన్న మనిషి అంటే నాకే భయం వేసింది. నా జీవితంలో అప్పటిదాకా నేను రాసినవాటిలో అదే మంచి రచన. చదువుతుంటే నాకు సిగ్గు కాదు, గర్వం కలిగింది. ఇది చెప్పడం ఇప్పటికీ ఇష్టం లేదు కానీ చెప్పకపోతే మళ్ళీ ఏరుకున్నట్టే అవుతుంది.

దుకాణంలో నా పక్క లైనులో బిల్లు కొట్టే వెండెల్‌కి ఈ సంగతి తెలిసి ఇంకో దారి చూపించాడు. "పెళ్ళి చేసుకుందాం. నాకేం అభ్యంతరం లేదు. పెళ్ళయితే నువ్వు స్వతంత్రురాలివి, రూల్లో ఉంది, మా కజిన్ అలాగే చేశాడు. చదువయ్యాక విడిపోదాం."

"మరి నీకేంటి లాభం?"

"సాయంత్రాలు నాకూ పెద్ద పనేం లేదు" అన్నాడు. వాడు హాస్యమాడుతున్నాడో లేదో నాకు తెలీలేదు, వాడికీ తెలిసినట్టు లేదు.

పాస్టర్ గ్రెంజ్ నా మాటలు అయిదు నిమిషాలు విని రెండు పేజీలు రాశాడు. ఆయనకి మా ఇంటి గురించి తెలిసింది ఏమీ లేదు. నాన్నతో ఆయన మాట్లాడేది ఏడాదికి ఒక్కసారి, గడ్డి యంత్రం ఊరికే బాగుచేయించుకోవడానికి తెచ్చినప్పుడు. అయినా ఆ ఉత్తరంలో నేను కాపరి లేని గొర్రెపిల్లని, నాన్న గుండె రాయి, పాస్టరు ఎన్నో ఏళ్ళుగా ఆ రాయి ముందు మోకరిల్లి ప్రార్థిస్తున్నవాడు. ఉత్తరం ఇస్తూ, నేను చదివానో లేదో అని నా మొహంలోకి చూశాడు. చాలా బాగుందన్నాను. ఆయన మొహం వెలిగింది. ఇద్దరం రచయితలమే.

అత్తకి మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఉదయం కాఫీ దగ్గర రెండు ముక్కలు రాసి, కొట్టేసి, లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసేది. చివరికి కవరు అంటించి నా చేతిలో పెట్టింది. "నాకు వచ్చినట్టు రాశాను" అంది. నేను విప్పి చూడకుండా తీసుకెళ్ళి ఇచ్చాను. అదొక్కటే నేను చేసిన మర్యాదైన పని, దానికి తగిన శాస్తి జరిగింది.

జూన్ మధ్యలో క్యూబియాక్ మళ్ళీ పిలిచింది. నా వివరణ చదివి కమిటీలో ఒకావిడ కళ్ళు తుడుచుకుందని చెప్పింది. పాస్టరు ఉత్తరం కూడా బ్రహ్మాండమట. తర్వాత అత్త ఉత్తరం తీసి, చివరి నాలుగు వరుసల కింద పెన్సిలు గీత గీసి ఉన్న పేజీని నా వైపు తిప్పింది.

'అయితే న్యాయంగా చెప్పాలంటే,' అని రాసింది అత్త, 'ఆర్లెన్ ప్రతి రెండో గురువారం మారిట్ పనిచేసే దుకాణం దగ్గరికి వచ్చి, ఆమె లోపల ఉండగా కారు బానెట్ ఎత్తి నూనె చూస్తాడు. టైర్లలో గాలి కొడతాడు. మే నెలలో బ్రేకులు మార్చాడు. కారు బీమా అతనే కడుతున్నాడు.'

మా వాళ్ళ సంగతి మీకు తెలియాలి. ఒక మనిషి గురించి చెడు రాయమని కలం చేతికిస్తే రాస్తారు, కానీ చివర ఒక మంచి ముక్క చేర్చందే కవరు అంటించలేరు. హంతకుడి గురించి సాక్ష్యం చెప్పమన్నా 'కానీ వాకిట్లో మంచు ఎప్పుడూ తీసి ఉంచేవాడు' అని ముగిస్తారు. దాన్ని మంచితనం అనుకుంటారు. నాకు మాత్రం అది పిరికితనంలా కనిపించేది, దేవుడు వెనకనించి చదువుతున్నాడేమోనని భయం.

"ఇది నిజమేనా?" అని క్యూబియాక్ అడిగింది.

నిజమే. నాకు తెలీదని చెప్పను. దుకాణం అద్దంలోంచి ఎన్నోసార్లు చూశాను, బానెట్ కింద వంగిన ఆ వీపుని. తన పేరు మీదున్న వస్తువు ఎలా ఉందో చూసుకోవడానికి వచ్చాడు అనుకుని, ఎదురుగా ఉన్నవాళ్ళ గుడ్లూ పాలూ బిల్లు కొట్టేదాన్ని. నా వివరణలో అది లేదు, అంతే.

ఇది సంబంధం కిందికీ వస్తుంది, సాయం కిందికీ వస్తుంది అంది క్యూబియాక్. కానీ ఆవిడ నన్ను వదలదలచుకోలేదు, నాలాంటి కేసు గెలిపించాలని ఆవిడకీ ఉంటుంది కదా. ఒక మార్గం కనిపెట్టింది. నాన్నతో రాకపోకలు ఆగిపోయాయని అత్త ఇంకో ఉత్తరం రాయాలి. చేరే రోజు, అంటే ఆగస్టు ఇరవై రెండు సోమవారం నాడు, గడిచిన అరవై రోజుల్లో తండ్రితో మాట గానీ, ఆయన నుంచి ఏ రూపంలోనైనా సాయం గానీ లేదని నేను ఆవిడ ముందు సంతకం పెట్టాలి. అలా అయితే కమిటీ ఒప్పుకుంటుందట.

ఇంటికి రాగానే అత్తతో చెప్పాను. ఆమె బల్ల దగ్గర నిలబడి రూబార్బ్ అనే పుల్లటి కాడలు తరుగుతోంది.

"ఆ నాలుగు వరుసలు తీసెయ్ అత్తా."

"అది నిజమే కదే."

"నిజమే. అందుకే తీసెయ్."

"నువ్వు రాసిందాంట్లో లేదా ఆ ముక్క?"

లేదన్నాను. అత్త ఇంకో కాడ అందుకుంది. తర్వాత, "వాడు సంతకం ఎందుకు పెట్టట్లేదో నీకు తెలీదా?" అంది.

"మొండితనం."

"ఆ అంకె చూసి నువ్వు నవ్వుతావని."

నేనెందుకు నవ్వుతాను అన్నాను. అత్త కత్తి ఆపి నా వైపు చూసింది. పెద్దగా చూడలేదు, మామూలుగానే. మళ్ళీ తరగడం మొదలుపెట్టి చెప్పింది. పోయినేడు నాన్నకి వచ్చింది ఆమె పెన్షను కన్నా తక్కువట. ఆ అంకె రాసి సంతకం పెడితే కాలేజీవాళ్ళు నాకు ఖర్చు మొత్తం ఇస్తారట, ఒక్క డాలరు కూడా కట్టనక్కర్లేదట. ఇది ఆమె నాన్నకి రెండుసార్లు చెప్పింది.

"ఏమన్నాడు?"

"మొత్తం ఇచ్చారంటే ఎందుకిచ్చారో ఊరందరికీ తెలిసిపోతుంది అన్నాడు. నువ్వూ వాడూ ఒకే పిండి ముద్ద. మీ ఇద్దరి మధ్యలో నేనొకదాన్ని, పాస్టరు కన్నా ఎక్కువ ప్రార్థన చేస్తున్నాను, ఎవరికీ పనికిరావట్లేదు."

ఇలాంటిది తెలిశాక మనసు కరగాలని ఉంటుంది. నాది కరగలేదు. డబ్బు లేకపోవడం తప్పు కాదు, అది లేదని తెలియకూడదని కూతురి చదువు ఆపే మనిషి మీద ఇంకా కోపం వచ్చింది. అదే సమయంలో ఇంకొకటి కూడా తెలుసు. నేను వెళ్ళి, నాన్నా, నేను నవ్వను, అని మాటిస్తే చాలేమో. షెడ్డు మూడు మైళ్ళే. ఆ మాట అనాలంటే ముందు ఇన్నాళ్ళూ నవ్వానని ఒప్పుకోవాలి. అరవై రోజులు అనాథగా ఉండడమే తేలికనిపించింది.

జూన్ ఇరవై మూడు గురువారం. మధ్యాహ్నం విరామంలో బయటికి వచ్చేసరికి నాన్న నా కారు పక్కన నిలబడి ఉన్నాడు. బానెట్ మూసే ఉంది. ఎనిమిది వారాల తర్వాత ఎదురుపడ్డాం.

"లోయిస్ చెప్పింది" అన్నాడు. "నేను నిన్ను వదిలేసినట్టు ఉండాలంటగా."

"అవును."

"ఎన్నాళ్ళు?"

"అరవై రోజులు. మాట్లాడకూడదు. ఏమీ ఇవ్వకూడదు. అది నిజమని సంతకం పెట్టాలి."

మోటారు చప్పుడు వింటున్నట్టు తల కొంచెం పక్కకి వంచాడు. "సంతకం పెట్టేది నువ్వే కదా?"

"నేనే."

"అయితే అది నిజం అవ్వాలి" అన్నాడు. చొక్కా జేబులోంచి కారు కాగితం తీశాడు. ఆయన పేరు కొట్టేసి కింద నా పేరు ఉంది, పక్కన ఆయన సంతకం. కాలేజీ కాగితాన్ని ఉప్పు డబ్బా కన్నా హీనంగా చూసినవాడు, దీని మీద ఒక్కో అక్షరం విడివిడిగా రాశాడు. "ఊరికే ఇస్తే ఇచ్చినట్టవుతుంది. డాలరియ్యి."

ఏప్రన్ జేబులో ఉన్న డాలరు నోటు ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఇంక అమ్మినట్టే. బీమా నెలాఖరుకి ఆపేస్తున్నాను, నువ్వు కట్టుకో. మూడు వేల మైళ్ళకి నూనె మార్చు. కడ్డీ మీద రెండు గీతల మధ్యలో ఉందా లేదా చూడు, ఎక్కువ పోసినా ప్రమాదమే."

ఆ క్షణంలో, ఇంత తతంగానికి సిద్ధపడ్డ మనిషి ఒక్క అంకె రాయలేకపోవడం తల్చుకుని, నాకు తెలీకుండానే ముక్కులోంచి ఆ నవ్వు వచ్చేసింది. ఆయన రోడ్డు వైపు చూశాడు. ఆ తర్వాత గడియారం చూసుకుని, "రేపట్నుంచి లెక్కేసుకో" అన్నాడు. తన ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆయన ఏ పని చేసినా సగంలో వదిలే రకం కాదు, కూతుర్ని వదిలెయ్యడం కూడా అంతే పనితనంతో చేశాడు. ఆదివారం చర్చిలో మేమెప్పుడూ కూర్చునే వరస వదిలి ఆఖరి వరసకి మారాడు, చివరి పాట మొదలవకముందే వెళ్ళిపోయేవాడు. ఒకరోజు సరస్సు దారిలో నా కారు ఎదురొస్తే, ఎవరిదో ఇంటి వాకిట్లోకి ట్రక్కు తిప్పి, నేను దాటిపోయేదాకా అక్కడే ఆగాడు. ఆ ఇంటివాళ్ళు ఏం కావాలని బయటికి రావడం నాకు అద్దంలో కనిపించింది. జూలైలో నాకు పంతొమ్మిదేళ్ళు నిండాయి. అత్త కేకు చేసింది. కార్డు రాలేదు, ఫోను రాలేదు. నేను ఎదురుచూడలేదు. ఫోను పక్కన కుర్చీలో మూడు గంటలు కూర్చోవడం ఎదురుచూడడం కిందికి రాదు, రూల్లో ఎక్కడా లేదు.

సరుకులకి కూడా మా దుకాణానికి రావడం మానేశాడు. "ముప్ఫై మైళ్ళు పోయి పాలు కొనుక్కొస్తున్నాడు మీ నాన్న" అని అత్త చెప్పేది, వాతావరణం చెప్పినట్టు. నేను నూనె చూసుకోవడం నేర్చుకున్నాను. మొదటిసారి ఎక్కువ పోసి, పొగ వస్తే, వెండెల్ పుస్తకం చూసి సగం బయటికి తీశాడు. గురువారాలు అద్దం వైపు వీపు పెట్టి నిలబడేదాన్ని.

అత్త రెండో ఉత్తరం రాసింది, రెండే వాక్యాలు. ఆగస్టు మొదట్లో క్యూబియాక్ ఫోను చేసింది. కమిటీ ఒప్పుకుందట, సోమవారం ఆ ఒక్క సంతకం పెడితే అన్నీ నా పేరు మీద మంజూరవుతాయట. ఆవిడ గొంతులో సంతోషం. "అభినందనలమ్మా" అంది. నన్ను వదిలేసినందుకు ఎవరో ఒకరు అభినందించాలి కదా, థాంక్స్ చెప్పాను.

ఆగస్టు ఇరవై, శనివారం, యాభై ఎనిమిదో రోజు. నది మీద వంతెన మరమ్మతుకని మూసేశారు కాబట్టి అవతలి ఊరికి పోవడానికి లేదు. పొద్దున పదకొండున్నరకి నాన్న మా దుకాణంలోకి వచ్చాడు. బిల్లు కొట్టే లైన్లు రెండే తెరిచి ఉన్నాయి. వెండెల్ దగ్గర అయిదుగురు నిలబడి ఉన్నారు, చర్చి విందు కోసం కలిసి వచ్చి మొక్కజొన్నలు బుట్టలకొద్దీ కొనేవాళ్ళు. నా దగ్గర ఎవరూ లేరు. నా నెత్తి మీద లైను తెరిచి ఉందని చెప్పే దీపం వెలుగుతోంది.

ఆయన ఆ దీపం వైపు చూశాడు. నా వైపు చూడలేదు. వెళ్ళి వెండెల్ వరసలో ఆరోవాడిగా నిలబడ్డాడు.

"ఆర్లెన్ గారూ, అక్కడ ఖాళీగా ఉంది, మీ అమ్మాయి దగ్గర" అన్నాడు వెండెల్. అందరికీ అన్నీ చెప్పి, సమయానికి అన్నీ మర్చిపోతాడు వాడు.

"తొందరేం లేదు" అన్నాడు నాన్న.

రెండు నెలల తర్వాత ఆ గొంతు వినడం. వరసలో ఉన్న ఆడవాళ్ళు ఆయన్ని చూసి, నన్ను చూసి, మొక్కజొన్నల పొత్తులు సర్దుకోవడం మొదలుపెట్టారు. మా ఊళ్ళో అంతకన్నా ఎవరూ ఏమీ అనరు. నేను ఖాళీ లైనులో, దీపం కింద, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడ్డాను. నాకు మొదట కలిగింది అసహ్యమే. ఎంత శ్రద్ధగా పాటిస్తున్నాడు, పాలు వేడెక్కుతున్నా సరే. సోమవారం నేను పెట్టబోయే సంతకాన్ని ఆయన నిజం చేసి, తుడిచి, నా చేతికి ఇస్తున్నాడు, బాగుచేసిన మోటారు ఇచ్చినట్టు. ఇన్నాళ్ళూ ఆయన మీద నేను గెలిచినవన్నీ ఆ వరసలో నిలబడ్డ అయిదు నిమిషాల్లో ఆయన దగ్గరికి పోతున్నాయనిపించింది. అది భరించలేకపోయాను. అప్పుడు నాలో కదిలింది ప్రేమ అని ఎవరైనా అంటే ఒప్పుకోను. పోటీ అనండి.

దీపం ఆర్పాను. పక్కనున్న అరలోంచి ఒక బబుల్ గమ్ పొట్లం తీసుకున్నాను. వెళ్ళి నాన్న వెనక నిలబడ్డాను.

ఆయన వెనక్కి తిరగలేదు. తెలిసింది మాత్రం, చెవులు ఎర్రబడ్డాయి. మెడ మీద జుట్టు కాలరు మీదికి దిగి ఉంది. వరస కదిలింది. నా ముందు ఆ వీపు కదిలింది, నేను కదిలాను. మాట్లాడుకోలేదు కాబట్టి ఇంతవరకూ నియమం ప్రకారమే ఉన్నాం.

ఆయన వంతు వచ్చింది. కదిలే పట్టా మీద ఆయన తన సరుకులు పెట్టాడు: పాలు, రొట్టె, ఒక కాఫీ డబ్బా, చిక్కుడు గింజల డబ్బాలు రెండు. తర్వాత, అలాగే ముందుకి చూస్తూ, ఒకరి సరుకులు ఇంకొకరివాటితో కలవకుండా పెట్టే ప్లాస్టిక్ అడ్డుకర్ర తీసి వాటి వెనక పెట్టాడు. వెనక నిలబడ్డవాళ్ళకోసం ముందున్నవాళ్ళు అలా పెట్టడం మర్యాద, వెనక ఎవరున్నా సరే. నేను నా పొట్లం ఆ కర్ర ఇవతల పెట్టాను.

వెండెల్ పాలు తీసి బిల్లు కొట్టాడు. పట్టా కదిలింది. ఆ కర్ర లేకపోతే వాడు నా పొట్లం కూడా నాన్న బిల్లులో కలిపేస్తాడు. కలిపితే నాన్న డబ్బిచ్చేస్తాడు, నలుగురి ముందు వాదించడం ఆయనకి చేతకాదు. ఇచ్చేస్తే, యాభై ఎనిమిదో రోజున నేను తండ్రి దగ్గర ఒకటి తీసుకున్నట్టే. అది ఆయనకి తెలుసు. తీసుకున్నాక సోమవారం లేదని సంతకం పెట్టలేనని కూడా తెలుసు, అలా పెట్టకూడదని నాకు నేర్పింది ఆయనే. అప్పుడు ఇక మిగిలేది ఏప్రిల్‌లో కంచం పక్కన పెట్టిన, ఆయన సంతకం కావాల్సిన ఆ మొదటి కాగితమే. లేదా ఏదీ ఉండదు.

రొట్టె అయింది. కాఫీ డబ్బా అయింది. వెండెల్ చిక్కుళ్ళ మీద చెయ్యి వేశాడు.

నేను చెయ్యి చాచి, ఆ కర్ర తీసి పక్కన పెట్టాను.